యెరెవాన్‌లో టఫ్ రాతి ఇల్లు: ఏళ్ల వాడకం తర్వాత

ఆర్మేనియాలో మెడిసిన్ చదవడానికి వచ్చే మన పిల్లలు యెరెవాన్‌లో గది వెతుక్కునేటప్పుడు నన్ను అడిగేది ఒకటే: పాత రాతి బిల్డింగా, కొత్త అపార్ట్‌మెంటా? సోవియట్ కాలం నాటి రాతి బిల్డింగ్‌లో చాలా ఏళ్లుగా ఉంటున్నాను కాబట్టి చెబుతున్నా. నా ఓటు పాతదానికే, గోడలు పొడిగా ఉంటేనే.

టఫ్ అంటే అగ్నిపర్వతం కక్కిన బూడిద, నురగరాయి ముక్కలు కలిసి గట్టిపడ్డ రాయి. అరాగాట్స్ కొండ చుట్టుపక్కల బోలెడంత ఉంది. ఆర్తిక్ క్వారీలది గులాబీ రంగు. నలుపు, ఎరుపు, పసుపు రకాలూ దొరుకుతాయి. 1924లో ఆర్కిటెక్ట్ తమాన్యాన్ యెరెవాన్ నగరానికి ప్లాన్ గీశాక రిపబ్లిక్ స్క్వేర్‌తో సహా చాలా పెద్ద కట్టడాలు ఈ రాయితోనే లేచాయి.

ఎండాకాలం ఇక్కడ 40 డిగ్రీల దాకా పోతుంది, చలికాలం సున్నా కిందకి. రాయి నిండా సన్నటి రంధ్రాలు, వాటిలో గాలి. గోడ మందం కూడా ఎక్కువే. మధ్యాహ్నపు వేడి గదిలోకి చేరేసరికి బయట చల్లబడుతుంది, అప్పుడు కిటికీలు తీస్తే సరిపోతుంది. చలికాలంలో హీటర్ ఆపినా గది వెంటనే చల్లబడదు.

టఫ్ గ్రానైట్ బరువులో దాదాపు సగమే ఉంటుంది, మెత్తన కూడా. మామూలు డ్రిల్ పెట్టినా సర్రున దిగిపోతుంది, నేల మీద కారం చల్లినట్టు ఎర్రటి పొడి. అంత సులువుగా దిగిన స్క్రూ అంతే సులువుగా ఊడుతుంది. గీజర్ లాంటి బరువులకి పొడవాటి యాంకర్లు, జిగురు తప్పవు.

అసలు శత్రువు నీళ్లు. మా బిల్డింగ్‌లో గట్టర్ పగిలి నీళ్లు కారే మూల ఒకటుంది. ఎవరికి చెప్పినా బాగుచేయలేదు. తడిసిన చోట రాయి ముదురు రంగుకి తిరిగి, చలికి ఆ తడి గడ్డకట్టి పెచ్చులు లేస్తోంది. గోకితే వేలికి పొడి అంటుతుంది. నేలకి ఆనే వరసలకి బసాల్ట్ అనే గట్టి రాయి వాడటం ఇందుకే మంచిది. పెచ్చులు కనబడకుండా సిమెంట్ పూసి ఆయిల్ పెయింట్ వేసేవాళ్లున్నారు. అది ఇంకా చేటు, లోపలి తడికి దారి ఉండదు. సున్నమే మేలు.

భూకంపం టెన్షన్ ఉన్నవాళ్లకి ఒక మాట. 1988 డిసెంబరులో ఆర్మేనియా ఉత్తరాన వచ్చిన స్పితాక్ భూకంపంలో రాతి ఇళ్లూ కూలాయి, కాంక్రీట్ అపార్ట్‌మెంట్లూ కూలాయి. రాయిని చూసి ధీమా పడొద్దు. గోడల్లో పగుళ్లు, కింద షాపుల కోసం కొట్టేసిన గోడలు చూసుకుని అద్దెకి దిగండి.

కొత్త బిల్డింగుల్లో చాలావాటికి బయట కనిపించే టఫ్ ఉత్త పలక, వెనక కాంక్రీటే. అందానికి తప్ప చల్లదనానికి పనికిరాదు.

హైదరాబాద్‌లో కాంపౌండ్ గోడకి తెప్పించుకోవచ్చా అని మా బావ అడిగాడు. వద్దన్నాను. రవాణా ఖర్చు సంగతి అటుంచి, మన వానలకి ఆ రంధ్రాల్లో పాచి పడుతుంది. హాల్లో ఒక గోడకైతే సరే.