బొంతలాంటి జాకెట్‌తో మూడేళ్లు, పల్చటి దానితో రెండేళ్లు

ఐదేళ్లుగా లాంగ్‌స్వోర్డ్ నేర్చుకుంటున్నాను. రెండు చేతులతో పట్టే పాత యూరప్ కత్తి, వారానికి రెండు రోజుల సాధన, మొద్దు అంచున్న ఉక్కు ఫెడర్లతో (సాధన కత్తులతో) స్పారింగ్. ఈ ఐదేళ్లలో దెబ్బలు కాచే దూది జాకెట్లు రెండు వాడాను. మొదటిది కొనేటప్పుడు ఎంత మందంగా ఉంటే అంత మంచిదని, లేబుల్ మీద అంకె ఎంత పెద్దదైతే అంత భద్రమని అనుకున్నాను. రెండూ తప్పని తేలడానికి పెద్దగా టైం పట్టలేదు.

ముందు ఆ అంకె సంగతి చెప్పాలి, కొత్తవాళ్లందరూ అక్కడే బోల్తా పడతారు. జాకెట్ల మీద 350 న్యూటన్లు అనో, 800 న్యూటన్లు అనో రాసి ఉంటుంది. అది ఆటల ఫెన్సింగ్ నుంచి వచ్చిన కొలత. ఉక్కు మొనను గుడ్డలోకి నొక్కుతూ పోయి, ఎంత బలం పెడితే అది చీల్చుకుని లోపలికి దిగుతుందో చూస్తారు. విరిగిన కత్తి ఒంట్లో దిగకుండా కాపాడటానికి పెట్టిన పరీక్ష ఇది. 1982లో రోమ్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో ప్రత్యర్థి ఫాయిల్ (ఆటల ఫెన్సింగ్‌లో వాడే సన్నటి కత్తి) విరిగి, సోవియట్ ఆటగాడు వ్లదీమిర్ స్మిర్నోవ్ మాస్కులోంచి దూసుకుపోయింది. కొద్ది రోజులకే ఆయన చనిపోయాడు. మాస్కులకూ దుస్తులకూ నియమాలు గట్టిపడింది ఆ తర్వాతే. కాబట్టి ఆ అంకెను తేలిగ్గా తీసుకోమని అనను. కాకపోతే కిలోన్నర ఉక్కు వచ్చి మోచేతి ఎముక మీద పడితే ఏమవుతుందో అది చెప్పదు. నాది 800 న్యూటన్ల జాకెట్టే. మొదటి నెలలోనే మోచేయి నిమ్మకాయంత వాచింది. మోచేతికి, ముంజేతికి గట్టి ప్లాస్టిక్ కవచాలు విడిగా కొనుక్కోవాల్సిందే, జాకెట్ ఏదైనా సరే.

ఇక మందం. వేసుకుంటే బొంత చుట్టుకున్నట్టు ఉండేది. పైగా ఒళ్లు పెరుగుతుందేమో అని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. ఫోమ్ టాగ్‌లో, అంటే కత్తిని భుజం పక్కన ఎత్తి పట్టుకుని నిలబడే భంగిమలో, చేతులు లేపగానే జాకెట్ మొత్తం పైకి లేచి నడుము బయటపడేది. మోచేయి మడిస్తే లోపలి మడత దగ్గర దూదంతా ఉండ కట్టి చేతిని వెనక్కి తోసేది. రెండు మణికట్లను తల పక్కన ఒకదాని మీదుగా ఒకటి దాటించి పట్టుకోవడం దాదాపు కుదిరేది కాదు. నాకు ఒడుపు రావట్లేదని ఏడాదిపాటు నన్ను నేనే తిట్టుకున్నాను. తప్పు చంక దగ్గరి కుట్టుదని తర్వాత తెలిసింది.

దీనికన్నా పెద్ద చిక్కు ఒకటుంది, ఇది ఎవరూ ముందు చెప్పరు. మరీ మందంగా ఉంటే దెబ్బ తగిలినట్టే తెలియదు. మన ఆటలో తగిలిందని ఒప్పుకోవాల్సింది తగిలినవాడే. నాకు తెలియక నేను ఆగను, తగల్లేదేమో అనుకుని ఎదుటివాడు ఇంకొంచెం గట్టిగా కొడతాడు. అలా నెల తిరిగేసరికి మా ఇద్దరి మధ్య స్పారింగ్ చాకిరేవు అయిపోయింది.

మూడో ఏట ఒక పొడుపు నా ఛాతీ మీది గళ్ల కుట్టు వెంబడి జారుతూ పైకి వచ్చి, మాస్కు కింద వేలాడే గుడ్డను దాటి గొంతు దగ్గరికి చేరింది. లోపల వేసుకున్న గోర్జెట్‌కు, అంటే గొంతు కవచానికి, తగిలి టక్‌మంది. ఆ చప్పుడు ఇప్పటికీ గుర్తుంది. ఆ జాకెట్‌కు కాలర్ ఉంది కానీ, మొనను ఆపడానికి కాలర్ ముందు అడ్డంగా కుట్టే పట్టీ లేదు. ఆ వారమే రెండోదాని వేట మొదలుపెట్టాను.

ఇప్పటిది 350 న్యూటన్లది. ఛాతీ, భుజాలు, ముంజేతుల బయటి వైపు రెండు పొరలు, మిగతా చోట పల్చన. కాలర్‌కు ఆ పట్టీ ఉంది, అయినా గోర్జెట్ మాననుగా. చంకలో గాలి ఆడటానికి సందు వదిలి, దాని మీద రెండు గుడ్డలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా కుట్టారు. జిప్పు కత్తి చేతికి అవతలి పక్కన ఉంది, మీద పట్టీ కప్పి ఉంటుంది. పాతదానికి జిప్పు వీపున ఉండేది, ఎవరూ లేకపోతే సాధనే లేదు! ఈసారి కొనేముందు మాస్కు, గోర్జెట్, చేతికవచాలు అన్నీ తగిలించుకుని చూశాను. చేతులు పూర్తిగా ఎత్తాను, గొంతుక్కూర్చున్నాను, తల రెండు పక్కలకూ తిప్పాను. కాలర్ మాస్కును పైకి తోస్తుంటే అది మీది కాదు. గొంతుక్కూర్చున్నా అంచు ప్యాంటు నడుము మీద బెత్తెడు దిగి ఉండాలి.

లోపాలు లేవనను. జబ్బ లోపలి వైపు దూది దాదాపు లేదు, అక్కడ తగిలితే వారం రోజులు కమిలే ఉంటుంది. చేతికవచాల వెల్క్రో రాసుకుని మణికట్టు దగ్గర దారాలు లేచాయి, అక్కడ నేనే లోపల ఒక ముక్క వేసి కుట్టాను. వాసన మాట అడగొద్దు. బ్లీచ్ వాడితే గుడ్డ బలం పోతుంది, అందుకే చల్లటి నీళ్లలో చేత్తో ఉతికి నీడలో ఆరేస్తాను. అస్తరు పూర్తిగా ఆరడానికి రెండు రోజులు పడుతుంది. పాతదానికి నాలుగు పట్టేది.

పాతది అమ్మలేదు. కొత్తవాళ్లకు దెబ్బ వేయడం నేర్పేటప్పుడు అదే వేసుకుని ఎదురుగా నిలబడతాను, ఆ పనికి దాన్ని మించింది లేదు. జిప్పు మాత్రం ఇప్పటికీ వాళ్లలో ఎవరో ఒకరు వచ్చి వేయాల్సిందే.