బిజినెస్ క్లాస్‌లో ఏ సీటు మేలు?

నా మొదటి బిజినెస్ క్లాస్ ప్రయాణంలో నిద్రే పట్టలేదు. సీటు వాలింది గానీ పూర్తిగా పరుచుకోలేదు, ఏటవాలుగా ఆగిపోయింది. కన్ను మూతపడితే చాలు, ఒళ్లు మెల్లగా కాళ్ల వైపు జారిపోయేది. 13 గంటలు అలాగే గడిచాయి. అంత డబ్బు పెట్టి ఎక్కడ పొరపాటు పడ్డానా అని తర్వాత ఆలోచిస్తే తెలిసింది: నేను ఎయిర్‌లైన్ పేరు చూసి టికెట్ కొన్నాను. విమానం ఏదో, అందులో సీటు ఎలాంటిదో చూడనే లేదు.

అప్పటి నుంచి నాది ఒకటే లెక్క. సుదూర ప్రయాణంలో మనం డబ్బు పోసేది నిద్ర కోసం. భోజనం, లాంజ్ బాగుంటాయి, కాదనను. కానీ దిగిన రోజు మనిషిని నిలబెట్టేది ఆ ఐదారు గంటల నిద్రే. 2000లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బిజినెస్ క్లాస్‌లో పూర్తిగా పరుచుకునే పడక తెచ్చాక మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. ఇప్పుడు పెద్ద ఎయిర్‌లైన్లు చాలావాటిలో పడక ఉంది. దాన్ని ఎలా అమర్చారన్న దగ్గరే తేడా వస్తుంది.

ముందు చూడాల్సింది వరుసలో సీట్ల లెక్క. 1-2-1 (గీత ఉన్నచోట నడవ) అయితే ప్రతి సీటు నుంచీ నేరుగా నడవలోకి దిగొచ్చు. 2-3-2 అయితే కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు అర్ధరాత్రి బాత్రూమ్‌కి వెళ్లాలంటే నిద్రపోతున్న పక్కమనిషి కాళ్లు దాటాలి. ఎమిరేట్స్‌నే తీసుకోండి. రెండంతస్తుల ఎయిర్‌బస్ ఏ380 విమానం పై అంతస్తులో బిజినెస్ క్లాస్ 1-2-1, వెనక బార్ కూడా ఉంటుంది. అదే ఎయిర్‌లైన్ బోయింగ్ 777 విమానంలో చాలాకాలంగా 2-3-2, అంటే మధ్య సీటు కూడా ఉంది. 2024 నుంచి కొన్ని 777లను మార్చి 1-2-1 చేస్తున్నారు. పేరు ఒకటే, రాత్రి మాత్రం ఒకటి కాదు.

1-2-1లోనూ రకాలున్నాయి. రివర్స్ హెరింగ్‌బోన్ అంటే కిటికీ పక్క సీట్లు కాస్త ఏటవాలుగా కిటికీ వైపు తిరిగి ఉంటాయి. నడవలో వెళ్లేవాళ్లకు మన వీపు వైపే కనిపిస్తుంది. కాథే పసిఫిక్ 2011లో ఇలాంటి సీటు తెచ్చింది. ఒంటరి ప్రయాణానికి నా ఓటు దీనికే. భుజాల దగ్గర చోటు ఉంటుంది, ఒకటీ అరా తప్ప అన్ని సీట్లూ ఒకేలా ఉంటాయి, ఏది ఎంచుకోవాలన్న టెన్షన్ ఉండదు.

రెండో రకంలో సీట్లు వరుస మార్చి వరుస అటూ ఇటూ జరిగి ఉంటాయి. ఒక వరుసలో సీటు కిటికీకి ఆనుకుని ఉంటే, తర్వాతి వరుసలో నడవకు ఆనుకుని ఉంటుంది. పడుకున్నప్పుడు పాదాలు ముందు సీటు పక్కనున్న బల్ల కింది గూడులోకి వెళ్లాలి. ఆ గూడు చాలా చోట్ల ఇరుకు. నాలా పక్కకు తిరిగి మోకాళ్లు ముడుచుకుని పడుకునేవాళ్లకు అక్కడే నిద్ర చెడుతుంది. తప్పదంటే క్యాబిన్‌లో మొదటి వరుస అడగండి. ముందు సీటు ఉండదు కాబట్టి గూడు సాధారణంగా వెడల్పుగా ఉంటుంది.

ఇక తలుపులున్న సీట్లు. ఖతార్ ఎయిర్‌వేస్ 2017లో తెచ్చిన క్యూసూట్‌లో కొన్ని సీట్లు విమానం తోక వైపు తిరిగి ఉంటాయి. మధ్యలో పక్కపక్కన ఉన్న రెండింటి నడుమ అడ్డు దించితే జంటపడక అవుతుంది. మధ్య సీట్లు నాలుగు కలిపితే నలుగురూ ఎదురెదురుగా కూర్చోవచ్చు. పిల్లలతో వెళ్లే కుటుంబానికి దీన్ని మించింది నాకు తెలియదు. ఇక్కడా జాగ్రత్త అవసరం. ఆ ఎయిర్‌లైన్ ఏ380లో క్యూసూట్ లేదు.

తలుపు ఉంటే అన్నీ ఉన్నట్టేనని మాత్రం అనుకోవద్దు. అమ్మను ఒకసారి తలుపున్న కిటికీ సీటులో కూర్చోబెట్టాను. నేను వెనక వరుసలో ఉన్నాను. ఆవిడకు నేను కనిపించను, ఎవరిని పిలవాలో తెలియదు, పడక ఎలా పరచాలో తెలియదు. సగం రాత్రి కూర్చునే ఉందట. పెద్దవాళ్లతో వెళ్తే మధ్యలో పక్కపక్కనుండే జత సీట్లే మేలు. అలాంటప్పుడు పాత 2-2-2 కూడా నయమే.

సింగపూర్ ఎయిర్‌లైన్స్ 777-300ఈఆర్‌లో, సుదూర మార్గాల ఏ350లో సీటు ఎంతో వెడల్పు. కానీ పడక కావాలంటే లేచి నిలబడి వీపు భాగాన్ని ముందుకు మడవాలి, ఐమూలగా పడుకోవాలి. గట్టి పరుపు ఇష్టపడేవాళ్లకు హాయి. సినిమా చూస్తూ మెల్లగా వాలిపోయే అలవాటు ఉన్నవాళ్లకు విసుగు.

డబ్బు దగ్గర వెనకాడేవాళ్లకు ఎకానమీకీ బిజినెస్‌కీ మధ్య తరగతి, ప్రీమియం ఎకానమీ ఉంది. ముందు సీటుకూ మనకూ మధ్య దూరం ఎకానమీలో 31-32 అంగుళాలైతే ఇక్కడ 38 దాకా ఉంటుంది. ఎంత వాలినా అది కుర్చీయే, పడక కాదు. అయితే 787, ఏ350 లాంటి కొత్త విమానాల్లో క్యాబిన్ గాలి ఒత్తిడి సుమారు 6,000 అడుగుల ఎత్తులో ఉన్నంతే ఉంటుంది. పాతవాటిలో అది 8,000 అడుగుల దాకా వెళ్తుంది. ఈ ఎత్తు తక్కువైతే ఒంటికి హాయి. ఆ సుఖం ఏ తరగతిలో కూర్చున్నవాళ్లకైనా ఒకటే. అందుకే నేనిప్పుడు రాత్రి బయలుదేరే వైపు బిజినెస్, పగలు ఎగిరే వైపు ప్రీమియం ఎకానమీ తీసుకుంటున్నాను. పగలు ఎలాగూ నిద్రపోను.

టికెట్ కొనే ముందు విమానం రకం, సీట్ మ్యాప్ రెండూ చూడండి. ప్రయాణానికి రెండు రోజుల ముందు మళ్లీ చూడండి. ఎయిర్‌లైన్లు విమానం మార్చినప్పుడు మనం ఏరికోరి పెట్టుకున్న సీటు ఇంకెక్కడికో పోతుంది. ఆ వేళకు ఫోన్ చేస్తే మంచిది మరొకటి దొరికే అవకాశం ఇంకా ఉంటుంది.