సీసీఎన్‌ఏ ల్యాబ్ కిట్ కొనేవాళ్ళు జాగ్రత్త: "2960" అని చెప్పి ల్యాన్ లైట్ అంటగడుతున్నారు

అనంతపురం, కర్నూలు, కడప గ్రూపుల్లో సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష) ల్యాబ్ కిట్ ప్రకటన ఒకటి తిరుగుతోంది. సిస్కో 2960 స్విచ్‌లు రెండు, 1841 రౌటర్లు రెండు, కేబుళ్ళతో కలిపి 18 వేలు, "వీల్యాన్, స్టాటిక్ రౌటింగ్ అన్నీ ప్రాక్టీస్ చేసుకోవచ్చు" అని. (వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌ను వేర్వేరు నెట్‌వర్కులుగా విడగొట్టడం, స్టాటిక్ రౌటింగ్ అంటే డేటా పోయే దారిని మనమే చేత్తో రాయడం.) ఆ కిట్ తెప్పించి చూసినాక రాస్తున్న పోస్ట్ ఇది. అమ్మినవాళ్ళ పేరు రాయడం లేదు. రేపు ఇంకో పేరుతో ఇదే సరుకు వస్తుంది, కాబట్టి సరుకును గుర్తుపట్టడం నేర్చుకోండి.

స్విచ్ ముందు భాగంలో "కేటలిస్ట్ 2960" అని మాత్రమే ఉంటుంది. అసలు మోడల్ నంబర్ వెనకాల స్టిక్కర్ మీద ఉంటుంది. మాకు వచ్చిన రెండింటికీ ఆ స్టిక్కర్ గీకేసి ఉంది. కన్సోల్ కేబుల్ (ల్యాప్‌టాప్ నుంచి స్విచ్‌కు కమాండ్లు ఇచ్చే కేబుల్) తగిలించి 'షో వెర్షన్' కొడితే మొదటి వరసల్లోనే 'సీ2960-ల్యాన్‌లైట్‌కే9-ఎం' అని బయటపడింది. అంటే ఫీచర్లు తగ్గించిన ల్యాన్ లైట్ రకం; రూట్లు రాయాలంటే ల్యాన్ బేస్ రకం కావాలి. కాన్ఫిగ్ మోడ్‌లో 'ఐపీ రౌటింగ్' కొడితే కింద చిన్న బాణం గుర్తు, 'ఇన్వాలిడ్ ఇన్‌పుట్ డిటెక్టెడ్'. అంటే ఆ పెట్టెకు ఆ కమాండే తెలియదు. ఫోన్ చేసి అడిగితే "ఐఓఎస్ అప్‌డేట్ చేసుకో తమ్ముడూ, వచ్చేస్తాది" అన్నారు (ఐఓఎస్ అంటే సిస్కో పెట్టెలను నడిపే సాఫ్ట్‌వేర్). రాదు. 2960 కుటుంబంలో ల్యాన్ లైట్ నుంచి ల్యాన్ బేస్‌కు మారే దారే లేదు. తేడా కొనేటప్పుడే తేలిపోతుంది, తర్వాత ఏ ఫైల్ ఎక్కించినా లాభం లేదు.

మోడల్ నంబర్ చివరి అక్షరం చూడండి. డబ్ల్యూఎస్-సీ2960-24టీసీ-ఎల్ అయితే ల్యాన్ బేస్. అదే 24టీసీ-ఎస్ అయితే ల్యాన్ లైట్. స్టిక్కర్ లేకపోయినా 'షో వెర్షన్' చివర్లో మోడల్ నంబర్, సిస్టమ్ సీరియల్ నంబర్ రెండూ కనిపిస్తాయి. సీరియల్‌లో మూడు అక్షరాల తర్వాత వచ్చే రెండంకెలకు 1996 కలిపితే తయారైన సంవత్సరం, ఆ తర్వాతి రెండంకెలు వారం. ఎఫ్‌ఓసీ1234 అని మొదలైతే అది 2008లో 34వ వారం సరుకు. "2016 మోడల్" అని ఎవరైనా చెప్తే ఈ లెక్క వాళ్ళ ముందే వేసి చూపండి.

ల్యాన్ బేస్ దొరికినా వెంటనే రూట్లు రాయలేరు, ఇక్కడ చాలామంది స్విచ్ చెడిపోయిందనుకుంటారు. ఐఓఎస్ 12.2(55)ఎస్‌ఈ గానీ ఆ తర్వాతిది గానీ ఉండాలి. ముందు స్విచ్ మెమరీలో రౌటింగ్‌కు చోటిచ్చే 'ఎస్‌డీఎం ప్రిఫర్ ల్యాన్‌బేస్-రౌటింగ్' కమాండ్ ఇచ్చి, సేవ్ చేసి, రీలోడ్ చేయాలి. లేచినాక 'షో ఎస్‌డీఎం ప్రిఫర్'లో టెంప్లేట్ మారిందో లేదో చూసి, అప్పుడు 'ఐపీ రౌటింగ్'. అంతా చేసినా 16 స్టాటిక్ రూట్లకు మించి పట్టదు. పోర్టుకు నేరుగా ఐపీ పెట్టలేరు, వీల్యాన్ ఇంటర్‌ఫేస్‌ల మీదే రౌటింగ్. 'నో స్విచ్‌పోర్ట్' (పోర్టుకే ఐపీ పెట్టేందుకు ఇచ్చే కమాండ్) ప్రాక్టీస్ కావాలంటే 3560 తీసుకోవాల్సిందే. ఇంకొకటి: 'ఐపీ రౌటింగ్' ఆన్ చేయగానే 'ఐపీ డిఫాల్ట్-గేట్‌వే' లైన్‌ను స్విచ్ పట్టించుకోదు. దాని బదులు డిఫాల్ట్ రూట్ (వేరే దారి లేనివన్నీ పోయే రూట్) రాయాలి, లేదంటే బయటి నెట్‌వర్క్ నుంచి టెల్నెట్ (దూరం నుంచి లాగిన్) ఎందుకు పోయిందా అని తల పట్టుకుంటారు.

డబ్బు ఇవ్వకముందు ఇవి అడగండి. 'షో వెర్షన్', 'డిర్ ఫ్లాష్:', 'షో ఎన్వ్ ఆల్', 'షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్' నాలుగింటి అవుట్‌పుట్. ఫోటో చాలదు, కరెంటు ఇచ్చినప్పటి నుంచి వీడియో కావాలి, అందులో పెట్టె వెనక సీరియల్ స్టిక్కర్ కూడా కనిపించాలి. బూట్ అవుతుండగా సిస్టమ్ లైటు ఆకుపచ్చ నుంచి కాషాయానికి మారి అక్కడే నిలబడితే పోస్ట్ (ఆన్ కాగానే పెట్టె తనను తాను చేసుకునే పరీక్ష) ఫెయిల్ అయినట్టు, ఆ పెట్టె వద్దు. లేచినాక 'స్విచ్:' అనే ప్రాంప్ట్ దగ్గర ఆగిందంటే ఫ్లాష్‌లో (స్విచ్ లోపలి స్టోరేజీలో) ఐఓఎస్ లేదు, లేదా పాడైంది. "చిన్న పని, నువ్వే ఎక్కించుకో" అంటారు. ఆ చిన్న పని ఎక్స్‌మోడెమ్‌తో (కన్సోల్ కేబుల్ మీద ఫైలు పంపే పాత పద్ధతి) 9600 బాడ్ వేగం మీద చేస్తే సెకనుకు 960 బైట్లే, పది మెగాబైట్ల ఫైలుకు మూడు గంటలు పడుతుంది. 'సెట్ బాడ్ 115200' ఇచ్చి టెర్మినల్ వేగం కూడా మారిస్తే పావుగంటకు కాస్త అటూ ఇటూ అవుతుంది. కానీ ఐఓఎస్ ఫైల్ చట్టబద్ధంగా దొరకాలంటే మామూలుగా సిస్కో సర్వీస్ కాంట్రాక్ట్ కావాలి, ఆ మాట అమ్మేవాళ్ళు చెప్పరు.

పాస్‌వర్డ్ తెలియని స్విచ్ వస్తే భయం లేదు. మోడ్ బటన్ నొక్కిపట్టి కరెంటు ఇచ్చి, 'ఫ్లాష్_ఇనిట్', తర్వాత సెట్టింగులుండే 'కాన్ఫిగ్.టెక్స్ట్' ఫైల్ పేరు మార్చి, 'బూట్'. పాత వీల్యాన్లు పోవాలంటే 'వీల్యాన్.డాట్' కూడా డిలీట్ చేయాలి. ఈ హడావిడిలో 'ఫార్మాట్ ఫ్లాష్:' కొట్టేరు, పైన చెప్పిన మూడు గంటల పని మీ నెత్తిన పడుతుంది.

పోర్టులు ఒక్కొక్కటిగా ల్యాప్‌టాప్‌తో పరీక్షించండి. తగిలించగానే కాషాయం లైటు వస్తే చెడిపోయిందని కాదు, స్పానింగ్ ట్రీ (నెట్‌వర్క్‌లో లూపులు పడకుండా చూసే పద్ధతి) లిజనింగ్‌కు 15, లెర్నింగ్‌కు 15, మొత్తం 30 సెకన్లు తీసుకుంటుంది. పచ్చగా మారినాక 'క్లియర్ కౌంటర్స్' ఇచ్చి, 1500 సైజుతో వెయ్యి పింగ్‌లు పంపి, మళ్ళీ 'షో ఇంటర్‌ఫేసెస్' చూడండి. సీఆర్‌సీ (పాడై వచ్చిన ఫ్రేముల లెక్క) పెరుగుతుంటే ముందు కేబుల్ మార్చండి. అయినా పెరిగితే డూప్లెక్స్ చూడండి (ఫుల్ అంటే ఒకేసారి రెండు వైపులా పంపడం, హాఫ్ అంటే వంతులవారీగా). ఒక వైపు ఫుల్ అని గట్టిగా పెట్టి, ఇంకో వైపు ఆటోలో వదిలితే ఆటో వైపు హాఫ్‌కు పడిపోతుంది. హాఫ్ వైపు లేట్ కొలిజన్లు (ఆలస్యంగా ఢీకొన్నవి), ఫుల్ వైపు సీఆర్‌సీ, రంట్లు (సైజు చాలని ముక్క ఫ్రేములు) కనిపిస్తాయి. ఈ రెండూ కాకపోతే పోర్టే పోయింది. మాకు వచ్చిన ఒక స్విచ్‌లో వరుసగా ఎనిమిది పోర్టులు చచ్చిపోయి ఉన్నాయి, వాటి మీద దుమ్ము మూత పెట్టి పంపినారు!

కిట్‌లో రౌటర్లను కలిపే పాత రకం సీరియల్ కార్డులు, లావు నీలం కేబుళ్ళు చూపించి ధర పెంచుతారు. ఇప్పటి సీసీఎన్‌ఏ (200-301) పరీక్షకు అవి అక్కర్లేదు. 2950 స్విచ్ అంటగడితే అసలు వద్దు. దానికి ఆటో ఎండీఐఎక్స్ (ఏ రకం కేబుల్ తగిలించినా తానే సర్దుకునే సదుపాయం) లేదు, స్విచ్‌కూ స్విచ్‌కూ మధ్య క్రాస్ కేబుల్ కావాలి. కన్సోల్‌కు ఇచ్చే యూఎస్‌బీ కేబుల్‌లో నకిలీ చిప్ ఉంటే విండోస్‌లో 'కోడ్ 10' ఎర్రర్ వస్తుంది.

స్టాటిక్ రూట్ల ప్రాక్టీస్ కోసమే ఈ ఖర్చు పెడుతుంటే ఒక సంగతి చూసుకోండి. ఈథర్నెట్ మీద బయటికి పోయే ఇంటర్‌ఫేస్ మాత్రమే రాస్తే రౌటర్ ప్రతి గమ్యానికీ ఏఆర్‌పీ (ఈ ఐపీ ఎవరిది అనే ప్రశ్న) అడుగుతుంది, అవతలి వైపు ప్రాక్సీ ఏఆర్‌పీ (వేరేవాళ్ళ తరఫున జవాబివ్వడం) ఆపితే దారి మూసుకుపోతుంది. నెక్స్ట్ హాప్ (పక్క రౌటర్ ఐపీ) రాయండి, లేదా ఇంటర్‌ఫేస్, నెక్స్ట్ హాప్ రెండూ కలిపి రాయండి. నెక్స్ట్ హాప్‌కు దారి లేకపోతే రూట్ రన్నింగ్ కాన్ఫిగ్‌లో ఉంటుంది కానీ 'షో ఐపీ రూట్'లో ఉండదు, పరీక్షలో చాలామందిని పట్టేది ఇదే. ఫ్లోటింగ్ రూట్‌కు (మొదటి దారి పోతే వాడే బ్యాకప్ దారికి) చివర 200 లాంటి దూరం (తక్కువ ఉన్న రూట్‌కే ముందు చోటు) పెడతాం, మామూలు స్టాటిక్‌ది 1 కాబట్టి అది పోయినాకే ఇది పైకి వస్తుంది. అమ్మేవాళ్ళు ఇచ్చే కనెక్షన్ల బొమ్మలో రెండు రౌటర్ల మధ్య స్విచ్ ఉంటుంది. అవతలి రౌటర్ ఆపేసినా ఇవతలి పోర్టు స్విచ్‌కు తగిలి ఉంది కాబట్టి అప్‌లోనే ఉంటుంది, మొదటి రూట్ రౌటింగ్ టేబుల్‌లోంచి పోదు, ఫ్లోటింగ్ రూట్ రాదు. తప్పు కమాండ్‌ది కాదు, బొమ్మది. రౌటర్ల మధ్య నేరుగా కేబుల్ వేయండి, లేదా ఐపీ ఎస్ఎల్ఏ, ట్రాక్ (అవతలి వైపు జవాబు రాకపోతే రూట్‌ను తీసేసే కమాండ్లు) వాడండి.

ఈ రూట్ల ప్రాక్టీస్ అంతా ప్యాకెట్ ట్రేసర్ అనే సిస్కో సిమ్యులేటర్‌లో, ఎస్ఎల్ఏ తప్ప, ఉచితంగా చేయొచ్చు. నెట్‌క్యాడ్ (సిస్కో శిక్షణ సైట్) ఖాతా ఒకటి చాలు, అందులోని 3560లో 'ఐపీ రౌటింగ్' పనిచేస్తుంది. అసలు ఐఓఎస్ కావాలంటే సిస్కో మోడలింగ్ ల్యాబ్స్ ఉచిత వెర్షన్ ఐదు నోడ్ల (పరికరాల) వరకు ఇస్తుంది. పెట్టె పట్టుకుని నేర్చుకోవాల్సినవి కన్సోల్, పాస్‌వర్డ్ రికవరీ, లైట్లు, కేబుళ్ళు. దానికి మంచి ల్యాన్ బేస్ స్విచ్ ఒక్కటి చాలు. ఒక మాట: ఈ స్విచ్‌లు 45 డిగ్రీల వరకే. మే నెలలో కర్నూలులో రేకుల గదిలో పెట్టి ఫ్యాన్ తిరగకపోయినా అలాగే వదిలేస్తే ఎన్నాళ్ళో ఉండదు.

ఇప్పటికే మోసపోయినవాళ్ళు ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, 'షో వెర్షన్' టెక్స్ట్ ఫైల్ దాచుకోండి. అమ్మినవాళ్ళకు ముందు లిఖితపూర్వకంగా మెసేజ్ పెట్టి గడువు ఇవ్వండి. ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. డబ్బు తీసుకుని పెట్టె అసలు పంపకపోతే అది వేరే కేసు, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ.