ఏడేళ్లు ఆ గేటు దగ్గర: రెడింగ్‌లో మా పాప చదివిన చర్చి స్కూలు

2018 సెప్టెంబరులో మా పాపని రిసెప్షన్‌లో, అంటే ఇక్కడి ప్రైమరీ స్కూలు మొదటి క్లాసులో, చేర్చాం. 2025 జులైలో చివరి క్లాసు ఇయర్ 6 అయిపోయి బయటికొచ్చింది. మధ్యలో ఒక కరోనా, ఇద్దరు హెడ్‌టీచర్లు, లెక్కలేనన్ని పోగొట్టుకున్న కార్డిగన్లు. ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు "చర్చి స్కూలట కదండీ, వెయ్యొచ్చా?" అని అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒక్కసారి రాసేస్తే పోతుందనిపించింది. స్కూలు పేరు మాత్రం రాయను. మెచ్చుకునేవే కాదు, కడుపు మండినవీ ఉన్నాయి ఇందులో.

ముందు అందరికీ ఉండే అనుమానం సంగతి. మా అమ్మ తెనాలి నుంచి ఫోన్లో అడిగిన మొదటి మాటా అదే. "అక్కడ దానిచేత ప్రార్థనలు చేయిస్తారేమోనే?" చేయిస్తారమ్మా అన్నాను. నన్ను సిస్టర్ల స్కూల్లో వేసింది నువ్వే కదా అని కూడా అన్నాను. "అది వేరు. ఇక్కడ మనమంతా ఉన్నాం" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది.

అసలు విషయం ఏమిటంటే, ఇంగ్లండ్‌లో ప్రభుత్వ డబ్బుతో నడిచే ఏ స్కూల్లోనైనా, చర్చిదైనా కాకపోయినా, రోజూ సామూహిక ప్రార్థన ఉండాలని చట్టమే ఉంది. వద్దనుకుంటే తల్లిదండ్రులు చెప్పి మాన్పించవచ్చు, మతాల పాఠం కూడా. చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ వాళ్లు 1811లో నేషనల్ సొసైటీ పెట్టి బీదపిల్లల కోసం బడులు మొదలుపెట్టారు. ఇప్పుడు వాళ్లవి 4,500కు పైగా ఉన్నాయి. చాలా పేటల్లో ఇంటికి దగ్గర్లో ఉండే మామూలు ప్రైమరీ స్కూలే అది. ఫీజు లేదు. అయితే వీటిలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి, దరఖాస్తు పెట్టేముందు అది చూసుకోవాలి. వాలంటరీ కంట్రోల్డ్ అయితే సీట్లు ఇచ్చేది కౌన్సిల్. వాలంటరీ ఎయిడెడ్ అయితే రూల్స్ స్కూలు గవర్నర్లవి, అంటే స్కూలు పాలకమండలివి. అక్కడ సీట్లకి పోటీ ఎక్కువైతే ఆదివారం చర్చికి వస్తున్నారా అని అడగొచ్చు, విడిగా ఇంకో ఫారం కూడా నింపాల్సి రావచ్చు. మాది మొదటి రకం. ఇల్లు దగ్గర కాబట్టి వచ్చింది, అంతే.

ప్రార్థన ఎలా ఉంటుందో ఒకసారి తల్లిదండ్రుల్ని పిలిచినప్పుడు చూశాను. హాల్లో పిల్లలంతా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. ఒక పిల్లవాడు వచ్చి బ్యాటరీ కొవ్వొత్తి స్విచ్ నొక్కాడు. ఒక పాట, బైబిల్లోంచి చిన్న కథ, ఒక ప్రశ్న. చివర్లో టీచరు, "ఈ ప్రార్థన మీది కూడా అనుకుంటే ఆమెన్ అనండి, లేకపోతే ఊరికే కళ్లు మూసుకుని కూర్చోండి" అంది. నువ్వు అంటావా అని పాపని ఇంటికొచ్చాక అడిగాను. "కొన్నిరోజులు అంటాను. శుక్రవారం అంటాను, ఫిష్ అండ్ చిప్స్ ఉంటాయిగా" అంది. మావాళ్లంతా పెట్టుకున్న మతం భయం ఆ చిప్స్ దగ్గర తేలిపోయింది.

స్కూలు ప్రతి అరటర్ముకి (టర్ములో సగానికి) ఒక విలువ పెట్టుకుంటుంది. కృతజ్ఞత, ఓర్పు, క్షమ, స్నేహం, ఇలా. కైండ్‌నెస్ మాత్రం ఏడాది పొడుగునా ఉండేది. ఇయర్ 1లో పాప, "అమ్మా, కైండ్ అంటే తెలుగులో ఏంటి?" అంది. దయ అన్నాను. అన్నానే గానీ నాకే నప్పలేదు. దయ అంటే దేవుడు చూపించేది, పెద్దవాళ్లు చిన్నవాళ్ల మీద చూపించేది. ఇక్కడ వీళ్లు కైండ్ అనేది పక్కన కూర్చున్నవాడికి పెన్సిల్ ఇవ్వడాన్ని, ఆటలో చేర్చుకోవడాన్ని. ఇన్నేళ్లయినా దానికి సరిపడే ఒక్క మాట నాకు దొరకలేదు. మా ఇంట్లో "కైండ్‌గా ఉండు" అనే అనుకుంటాం.

నేను చదువుకున్న స్కూల్లో దీనికి మోరల్ సైన్స్ అని పీరియడ్ ఉండేది, పరీక్ష కూడా. 'నిజాయితీ గురించి రాయుము' అన్న ప్రశ్నకి పక్కదాని పేపర్లో చూసి రాసినదాన్ని నేను. ఇక్కడ పరీక్ష లేదు. ప్రతిదీ చేసి చూపించడమే.

అక్టోబరులో హార్వెస్ట్ ఫెస్టివల్ వస్తుంది. పంట చేతికొచ్చిన పండుగ, మన సంక్రాంతికి దూరపు చుట్టం అనుకోవచ్చు. పిల్లలు ఇంటినుంచి తిండి సామాను తెచ్చి చర్చిలో బల్లల మీద పెడతారు, అది లేనివాళ్లకి ఉచితంగా తిండి ఇచ్చే ఫుడ్‌బ్యాంకుకి వెళ్తుంది. మొదటి ఏడాది నేను గొప్పగా రెండు కిలోల కందిపప్పు ప్యాకెట్ ఇచ్చి పంపాను. మన పద్ధతిలో అంతకన్నా మంచి దానం ఏముంటుంది? వాళ్లు తీసుకున్నారు, ఏమీ అనలేదు. మూడేళ్ల తర్వాత ఇయర్ 3లో మళ్లీ పప్పు తీస్తుంటే పాప ఆపింది. ఫుడ్‌బ్యాంకు ఆవిడ క్లాసుకి వచ్చి చెప్పిందట, కొంతమందికి ఇంట్లో కరెంటు మీటర్లో వేసుకోవడానికి కూడా డబ్బులుండవని. "పప్పు ఉడకాలంటే చాలాసేపు పొయ్యి వెలగాలి కదమ్మా. డబ్బా మూత లాగి తినేసేవి కావాలి. మూతకి రింగు ఉండాలి, డబ్బా ఓపెనర్ లేనివాళ్లూ ఉంటారు." ఎనిమిదేళ్ల పిల్ల బీన్స్ డబ్బాలన్నీ తిప్పి తిప్పి చూసి, రింగు ఉన్నవి ఏరి సంచిలో వేసుకుంది. ఈ స్కూలు గురించి నాకు ఒక్క సంగతే చెప్పమంటే ఇదే చెబుతాను.

డిసెంబరులో క్రిస్టింగిల్ అనే చర్చి వేడుక. నారింజకాయకి ఎర్ర రిబ్బను చుట్టి, పైన కొవ్వొత్తి గుచ్చి, చుట్టూ నాలుగు పుల్లలకి ఎండుద్రాక్ష, జెల్లీ బిళ్లలు గుచ్చుతారు. నారింజ ప్రపంచం, రిబ్బను క్రీస్తు రక్తం, పుల్లలు నాలుగు రుతువులు, కొవ్వొత్తి వెలుగు. 1747లో జర్మనీలో మొరావియన్లు మొదలుపెట్టిన ఆచారమట. ఇంగ్లండ్‌లో 1968 నుంచి చిల్డ్రన్స్ సొసైటీ విరాళాల కోసం దీన్ని చర్చిల్లోకి తెచ్చింది. మా పాప మొదటి ఏడు కొవ్వొత్తి వెలిగించే లోపే రెండు రుతువులు తినేసింది.

కైండ్‌నెస్ జాడీ గురించి మాత్రం నాకు మంచి అభిప్రాయం లేదు. మంచిపని చేసి టీచరు కంట పడితే జాడీలో ఒక రంగు ఉండ వేస్తారు, నిండితే క్లాసంతటికీ పైజామా డే. చూడటానికి ముద్దుగానే ఉంటుంది. కానీ ఇయర్ 2లో పాప ఒకరోజు ఏడుపు మొహంతో వచ్చింది. "ఇవాళ మూడు కైండ్‌నెస్‌లు చేశాను, మిస్ ఒక్కటి కూడా చూడలేదు." లంచం ఇచ్చి మంచితనం చేయిస్తే ఇలాగే ఉంటుంది మరి. పేరెంట్స్ ఈవినింగ్‌లో ఆ మాట మెల్లిగా అన్నాను. మా ఒక్కరి మాటే కాదేమో, తర్వాతి ఏడాది టీచరు ఆ జాడీ తీసేసి, మనకి ఎవరు మంచి చేశారో వాళ్ల పేరు చీటీమీద రాసి వేసే డబ్బా పెట్టింది. అది చాలా నయం. చేసినవాళ్లు కాకుండా అందుకున్నవాళ్లు చెప్పాలి కాబట్టి లెక్కలు తగ్గాయి.

నవంబరులో యాంటీ బుల్లీయింగ్ వీక్‌కి ఆడ్ సాక్స్ డే ఉంటుంది. ఒక్కొక్కరం ఒక్కోరకం అని చెప్పడానికి రెండు కాళ్లకీ వేర్వేరు సాక్సులు వేసుకెళ్లాలి. ఒక ఏడు అప్పటికి మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు. నేను స్నానానికి వెళ్లి వచ్చేసరికి, "తల్లి చూసుకోలేదనుకుంటారమ్మా" అని పాపకి శుభ్రంగా జత సాక్సులు మార్చి కూర్చోబెట్టారు. కారు ఎక్కబోతూ మళ్లీ విప్పించాను.

ఇక గొడవలు. పోస్టర్లు ఏ స్కూలైనా అంటిస్తుంది, గొడవ జరిగిన రోజు ఏం చేస్తారన్నదే నేను చూసేది. ఇక్కడ నా అనుభవం రెండు రకాలు.

ఇయర్ 2 దాకా పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం ఉచితం. ఇయర్ 3 నుంచి డబ్బు కట్టాలి, పైగా శాకాహారమంటే రోజూ చీజ్ పాస్తానో, బీన్స్ వేసిన ఉడికించిన బంగాళదుంపో. అందుకని డబ్బా కట్టడం మొదలుపెట్టాం. ఒకరోజు పులిహోర పెట్టాను (స్కూల్లో నట్స్ నిషేధం కాబట్టి వేరుశనగపప్పు లేకుండా, అంటే సగం పులిహోర). ఇంగువ వాసనకి ఎదురుగా కూర్చున్న అబ్బాయి "యక్" అని ముక్కు మూసుకుని బల్ల మారాడు. పాప మూత పెట్టేసి ఆకలితో ఉంది. టీచరుకి తెలిసి, ఇద్దరినీ కూర్చోబెట్టి నాలుగే ప్రశ్నలు అడిగిందట. ఏం జరిగింది? అప్పుడు నీ మనసులో ఏముంది? దానివల్ల ఎవరికి ఎలా అనిపించింది? ఇప్పుడు సరిచెయ్యాలంటే ఏం చెయ్యాలి? వాడి చేత బలవంతంగా సారీ చెప్పించలేదు. ఏం కావాలని పాపని అడిగితే, "నచ్చకపోతే నో థాంక్యూ అనమనండి, యక్ అనొద్దనండి" అంది. వాడు సరేనన్నాడు. మర్నాడు అదే పులిహోర డబ్బాలో పెట్టమంది నన్ను.

ఇయర్ 4లో మాత్రం బాగా దెబ్బతిన్నాం. స్నేహితురాళ్లే ముగ్గురు కలిసి "ఇవాళ నువ్వు మాతో లేవు" అనడం మొదలుపెట్టారు. ఒకరోజు కాదు, దాదాపు ఆరు వారాలు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు, అందుకని కాగితం మీద పెట్టడానికి ఏమీ లేదు. మెయిల్ పెడితే 'మేం గమనిస్తూ ఉంటాం' అని జవాబు. ఇంకో మెయిల్‌కి అదే జవాబు ఇంకాస్త తియ్యగా. ఆ అరటర్ము విలువ స్నేహం. వరండాలో ఆ బోర్డు ముందు నిలబడి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూస్తుంటే నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. చివరికి దారి చూపింది టీచరు కాదు, మధ్యాహ్నం పిల్లల్ని చూసుకునే ఆవిడ. పాప ఒక్కతే గోడ పక్కన నడుస్తుంటే పిలిచి, తాళ్లాట తాళ్లు తెచ్చి చిన్నపిల్లలకి తిప్పే పని అప్పగించింది. వారం తిరిగేసరికి దాని చుట్టూ ఇయర్ 1 పిల్లలు మూగడం మొదలైంది. ఆవిడకి ఆ పని ఏ పాలసీలోనూ రాసి ఉండదు. ఆ ఏడు క్రిస్మస్‌కి టీచరుకి చాక్లెట్లు, ఆవిడకి నేను చేసిన సున్నుండలు ఇచ్చాను.

చదువు సంగతి త్వరగా చెప్పేస్తాను. రిసెప్షన్‌లో ఆటలే. "ఏబీసీడీలు కూడా రాయించరా?" అని రెండువైపుల అమ్మమ్మా నానమ్మా కంగారుపడ్డారు. ఫోనిక్స్, అంటే అక్షరాల శబ్దాలు కలిపి చదవడం, బాగా చెబుతారు. దాని పరీక్షలో 40 మాటలుంటే 20 అర్థంలేనివే. మా పాప బ్యాచ్‌కి కరోనా వల్ల 2020 వేసవిలో జరగక, ఇయర్ 2లో పెట్టారు. ఇయర్ 4లో ఎక్కాల పరీక్ష, 25 ప్రశ్నలు, ఒక్కోదానికి 6 సెకన్లు. మన పన్నెండో ఎక్కం దాకా ఇంట్లో పాడించినది అక్కడ పనికొచ్చింది. సెకండరీకి గ్రామర్ స్కూలు (ఎంట్రన్స్ పెట్టి తీసుకునే ప్రభుత్వ బడి) కావాలంటే, ఇక్కడ అమ్మాయిలకి కెండ్రిక్, అబ్బాయిలకి రెడింగ్ స్కూల్, ఆ ఎంట్రన్స్‌కి ఈ స్కూలు ఏమీ సాయం చెయ్యదు. ఆ టెన్షన్ అంతా మీదే.

మతాల పాఠంలో హిందూమతం కూడా ఉంటుంది. ఒక దీపావళికి నన్ను వచ్చి మాట్లాడమన్నారు. వాళ్ల స్లైడుల్లో రాముడు అయోధ్యకి తిరిగొచ్చిన కథ ఒక్కటే ఉంది. మా ఊళ్లో ఇంకో కథ చెప్పుకుంటాం అని సత్యభామ బాణం వేసి నరకాసురుణ్ణి చంపిన కథ చెప్పాను. ముప్ఫైమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. తర్వాతి ఏడాది స్లైడుల్లో సత్యభామ చేరింది, స్పెల్లింగు తప్పుతో.

ఇయర్ 6 పిల్లలకి రిసెప్షన్ పిల్లల్ని ఒక్కొక్కరిని అప్పగిస్తారు. చర్చికి నడిచి వెళ్లేటప్పుడు చెయ్యి పట్టుకోవడం, అన్నం దగ్గర పక్కన కూర్చోవడం వాళ్ల పని. 2018లో మా పాప చెయ్యి పట్టుకున్న అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీకి వెళ్లే వయసులో ఉంది. 2024 డిసెంబరులో క్రిస్టింగిల్‌కి మా పాప తనకి అప్పగించిన పిల్లవాడి పక్కన కూర్చుంది. వాడు ఎండుద్రాక్ష పుల్ల వైపు చెయ్యి చాపితే, చెయ్యి పక్కకి లాగకుండా, తన నారింజకాయ మీది జెల్లీ బిళ్ల తీసి వాడి చేతిలో పెట్టింది.

మా బాబుకి ఇప్పుడు మూడేళ్లు నిండాయి. 2026 సెప్టెంబరుకి దరఖాస్తు గడువు జనవరి 15, ఫలితం ఏప్రిల్ 16న. ఫారంలో మొదటి పేరుగా మళ్లీ ఈ స్కూలే రాశాం. ఆ మధ్యాహ్నం ఆవిడ ఇంకా అక్కడే పనిచేస్తున్నారా అని ముందు ఆఫీసులో అడిగి మరీ రాశాను.