రక్తం తీసిన అబ్బాయికి ఐదు స్టార్లు, ఫోన్ చేసిన అమ్మాయికి ఒకటి

ఫిబ్రవరిలో మా ఆఫీసు గ్రూపులో ఎవరో ఒక ల్యాబ్ ఆఫర్ పెట్టారు. 1,499 రూపాయలకు ఫుల్ బాడీ చెకప్, ఇంటికే వచ్చి రక్తం తీసుకుంటారు. షుగర్, థైరాయిడ్, కొలెస్ట్రాల్‌తో పాటు హెచ్ఎస్ సీఆర్పీ కూడా ఉందని చూసి డబ్బు కట్టాను. ఒంట్లో లోలోపల ఇన్‌ఫ్లమేషన్, అంటే వాపు, ఎంతుందో చెప్పే పరీక్ష అది. నాకు 41 ఏళ్లు. బీపీ లేదు, షుగర్ లేదు. కాకపోతే పదకొండేళ్లుగా నెలలో సగం రోజులు నైట్ షిఫ్టే.

ఆరున్నరకు రమ్మంటే ఆరుంబావుకే బెల్లు కొట్టాడు అబ్బాయి. నా నరం అంత తేలిగ్గా దొరకదు, ఇదివరకు ఒకచోట మూడుసార్లు పొడిచారు. ఈ అబ్బాయి కొత్త సూది నా కళ్ల ముందే విప్పి ఒక్కసారికే తీసేశాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో రిపోర్టు. ఇంతవరకు వంక పెట్టడానికి లేదు.

రిపోర్టులో అన్నీ నల్లగా ఉంటే సీఆర్పీ ఒక్కటే ఎర్రగా: 6.8. ఒకటి లోపు మంచిది, మూడు దాటితే గుండెకు రిస్క్ ఎక్కువ అని కింద ఒక ముక్క. అది చదివాక ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

తెల్లారగానే ల్యాబ్ నుంచి డైటీషియన్ అంటూ ఒకమ్మాయి ఫోన్. ఇన్‌ఫ్లమేషన్ చాలా ఉందట, వాళ్ల పసుపు క్యాప్సూల్స్ మూడు నెలలు వాడాలట, 2,999 రూపాయలు. ‘‘నాలుగు రోజుల కిందటే జ్వరం, గొంతునొప్పి తగ్గాయమ్మా, దానివల్ల కాదా?’’ అని అడిగాను. ‘‘దానికీ దీనికీ సంబంధం లేదు మేడం’’ అంది.

సంబంధమంతా దానితోనే అని మా డాక్టరుగారు చెప్పారు. సీఆర్పీ కాలేయం తయారుచేసే ప్రోటీన్. 1930లో దాన్ని మొదట కనిపెట్టిందే న్యుమోనియా రోగుల రక్తంలో. జ్వరమొచ్చినా, చిగురు వాచినా పెరుగుతుంది. ఒళ్లు బాగున్నప్పుడు, రెండు మూడు వారాలు ఆగి మళ్లీ చేయిస్తేనే ఆ అంకెకు అర్థం. బుక్ చేసేటప్పుడు పన్నెండు గంటలు ఏమీ తినొద్దని ల్యాబ్ వాళ్లు మూడు మెసేజ్‌లు పంపారు. నిజానికి ఈ ఒక్క పరీక్షకు పరగడుపు అక్కర్లేదు. జ్వరం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

మూడు వారాల తర్వాత అదొక్కటే మళ్లీ చేయించాను, 420 రూపాయలు. 2.4 వచ్చింది.

హమ్మయ్య అనుకునేలోపే డాక్టరుగారు టేపు తీసి నడుము కొలిచారు. 93 సెంటీమీటర్లు. మన ఆడవాళ్లకు 80 దాటకూడదట. పొట్ట దగ్గర కొవ్వు ఊరికే పడి ఉండదు, సీఆర్పీ తయారు చెయ్యమని కాలేయానికి కబురు పంపుతూనే ఉంటుందన్నారు. నిద్ర తగ్గినా అదే కథ. షిఫ్టు మధ్యలో మిర్చిబజ్జీలు, తెల్లవారుజామున రెండు చెంచాల చక్కెరతో టీ, వచ్చి పడుకుంటే మధ్యాహ్నం కుక్కర్ విజిల్‌కి మెలకువ. ఇదీ నా పదకొండేళ్ల మెనూ.

బజ్జీల బదులు ఉడికించిన శనగలు, గదికి నల్ల కర్టెన్లు, రోజూ నలభై నిమిషాలు నడక. జూన్‌కి నాలుగు కిలోలు తగ్గాను, సీఆర్పీ 1.5కి దిగింది. దేనివల్ల తగ్గిందో విడదీసి చెప్పలేను. మా అత్తగారైతే తన కొర్రల కిచిడీ వల్లే అంటారు. క్యాప్సూల్స్ కొనలేదు. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు, మిరియాలు తోడైతే కాస్త పడుతుంది. మా ఇంటి చారులో రెండూ ఉంటాయి. మందు మోతాదు రాదులెండి, రుచి మాత్రం వస్తుంది.

జూన్ పరీక్షకూ అదే ల్యాబ్, అదే అబ్బాయి. ‘‘రక్తం తీసేముందు ఈమధ్య జ్వరం వచ్చిందా అని అడుగు బాబూ’’ అన్నాను. ఫోన్లో ఫారం పైకీ కిందకీ జరిపి చూసి, ‘‘ఇందులో ఆ ప్రశ్న లేదు మేడం’’ అన్నాడు.