నాలుగేళ్లు, ఐదు బయోస్ వెర్షన్లు

నా కంప్యూటర్‌లో ఉన్నది రైజెన్ 5 5600ఎక్స్ ప్రాసెసర్, బి550 మదర్‌బోర్డు. నాలుగేళ్లుగా ఓవర్‌క్లాక్ చేసే, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచే వాడుతున్నాను. కూలర్‌ను ఎంచుకున్నంత శ్రద్ధగా బయోస్ (ఆపరేటింగ్ సిస్టమ్ కంటే ముందే నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) వెర్షన్‌నూ ఎంచుకోవాలని రెండో వెర్షన్‌తోనే తెలిసివచ్చింది.

మొదటి వెర్షన్‌లో, ఒక్కో కోర్‌కు అందే వోల్టేజీని సర్దే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగుతో రెండు మంచి కోర్లకు మైనస్ 8, మిగతా నాలుగింటికి మైనస్ 22 పెట్టాను. ఒక్కో అంకెకు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతాయి. విజయవాడ మే నెల ఎండల్లోనూ హాయిగా నడిచింది. తర్వాత, స్థిరత్వం మెరుగైందన్న ఒక్క ముక్క చదివి కొత్త వెర్షన్ వేశాను. అవే అంకెలు. ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి పరీక్షించే ప్రైమ్95 గంటల తరబడి నడిచింది. కానీ ఏ పనీ లేకుండా డెస్క్‌టాప్ ఊరకే ఉన్నప్పుడు రీస్టార్ట్ అయ్యేది! పని భారం తక్కువగా ఉన్నప్పుడే ఒక కోర్ గరిష్ఠ వేగానికి ఎగబాకుతుంది. వోల్టేజీ చాలకపోతే అక్కడే కుప్పకూలుతుంది. ఇది తెలియక వారం రోజులు మెమరీని అనుమానించాను. పాత వెర్షన్ తిరిగి వేసిన రోజే ఆ బాధ పోయింది.

మెమరీ వేగాన్ని 3600 నుంచి 3800కు పెంచాలన్న ఆశ కూడా తీరలేదు. ఒక వెర్షన్‌లో బూట్ అయింది గానీ లోపాలను నమోదు చేసే విండోస్ ఈవెంట్ వ్యూయర్ నిండా హార్డ్‌వేర్ తప్పులే. 3600కే వచ్చేశాను.

పాత వెర్షన్‌తోనే ఉండిపోయేవాణ్ని. కానీ 2023 డిసెంబరులో లోగోఫెయిల్ అనే బయోస్ భద్రతా లోపం బయటపడింది. బూట్ సమయంలో కనిపించే లోగో బొమ్మను చదివే కోడ్‌లోనే ఉందది. ఆపరేటింగ్ సిస్టమ్ మొదలవకముందే దాడికి దారి ఇస్తుంది. దాన్ని సరిదిద్దిన వెర్షన్‌ను వద్దనడం నాకు సరి అనిపించలేదు. ఈసారి ముందుగా సెట్టింగుల తెరలన్నీ ఫోనుతో ఫోటోలు తీసుకున్నాను, ఎందుకంటే పాత బయోస్‌లో దాచుకున్న సెట్టింగుల ప్రొఫైళ్లను కొత్త బయోస్ తీసుకోదని అప్పటికే అనుభవమైంది. పాత బయోస్ ఫైలును పెన్‌డ్రైవ్‌లో దాచాను. మైనస్ 22ను మైనస్ 15కు తగ్గించి, ఒక్కో మార్పు తర్వాత ఒక రాత్రంతా యంత్రాన్ని ఊరకే వదిలేశాను.

కొత్తగా బోర్డు కొనేవారు వెనుక ఫ్లాష్‌బ్యాక్ బటన్ (కంప్యూటర్ బూట్ కాకపోయినా పెన్‌డ్రైవ్ నుంచి బయోస్ వేసేది) ఉందో లేదో, పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లనిస్తుందో లేదో తప్పక చూడండి. ఫ్యాన్ల రంగుల కంటే ఇవి ఎంతో ముఖ్యం. బీటా వెర్షన్ల జోలికి నేను వెళ్లను.

ప్రాసెసర్ వేగాన్ని కొలిచే సినీబెంచ్ స్కోరు మునుపటి కంటే కొద్దిగా తక్కువే వస్తోంది. ఏడాదికి పైగా ఒక్క రీస్టార్ట్ కూడా లేదు.