అడిగి రాసుకోవడమా, చదివించి చూడడమా? పెద్దల చదువును కొలవడానికి ఏది మేలు?

కిందటేడాది ఒక సర్వే కోసం రోజు లెక్కన డబ్బులిస్తామంటే హైదరాబాద్ బోరబండ గల్లీల్లో తిరిగాను. ఒక ఇంట్లో ఆయన మంచం మీద కూర్చునే అందరి వివరాలూ గడగడా చెప్పేస్తున్నాడు. భార్య సంగతి వచ్చేసరికి "ఆమెకు సదువొస్తది, రాసుకో మేడమ్" అన్నాడు. లోపల్నుంచి ఆవిడ "ఏం సదువు, సంతకం వెడ్త, గంతే" అంది. ఫారంలో ఉన్నవి రెండే గళ్లు. ఆయన చెప్పినట్టే అక్షరాస్యుల గడిలో టిక్కు పెట్టాను. సాయంత్రంలోపు ఇంకా పదిహేను ఇళ్లు తిరగాలి మరి.

జనగణనలోనూ చదువు సంగతి ఇలా అడిగి రాసుకునేదే. ఏడేళ్లు నిండి, ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులు. బడికి వెళ్లి ఉండనక్కర్లేదు. నిర్వచనంలో వంకపెట్టడానికి ఏమీ లేదు. కానీ ఎవరి చేతా చదివించి చూడరు. ఇంట్లో ఉన్న ఒకరే అందరి తరఫునా చెప్పేస్తారు. 2011లో దేశానికి 73 శాతం, హైదరాబాద్ జిల్లాకు 83 శాతం అని తేలింది ఇలాగే. దీన్ని తిట్టిపోయడం తేలికే. అయితే వంద కోట్లు దాటిన జనాన్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించడం అయ్యే పని కాదు. ఏ వార్డులో ఎంతమందికి చదువు రాదో చెప్పడం కూడా శాంపిల్ సర్వేల వల్ల కాదు, ఇంటింటికీ తిరిగే జనగణనకే చెల్లింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక మెట్టు ముందుకెళ్లింది. 2019–21 విడతలో 15 నుంచి 49 ఏళ్ల వాళ్లలో తొమ్మిదో తరగతి పూర్తిచేసినవాళ్లను అక్షరాస్యులుగానే లెక్కేశారు. మిగతావాళ్ల చేతిలో ఒక వాక్యం రాసున్న కార్డు పెట్టి చదవమన్నారు. మొత్తం చదివినా, కొంత చదివినా అక్షరాస్యులే. అలా ఆడవాళ్లలో 71.5 శాతం, మగవాళ్లలో 84.4 శాతం వచ్చింది. అంతకుముందు విడతలో ఈ మినహాయింపు ఆరో తరగతి నుంచే ఉండేది. ఆరు దాటితే చదువు వచ్చేసినట్టే అన్న ధీమా పోయినట్టుంది.

ఇలాంటి కార్డులు పట్టుకుని నేనూ ఒక చిన్న సర్వేలో తిరిగాను. మా కార్డు మీద "వానలు ఆలస్యమైతే నాట్లు ఆగిపోతాయి" అని ఉండేది. ఒకామె అక్షరం కింద అక్షరం వేలు పెట్టుకుంటూ, కూడబలుక్కుంటూ "వానలు" దాకా వచ్చింది. "ఆలస్యమైతే" దగ్గర ఒత్తు చూసి ఆగిపోయి నవ్వేసింది. కొంత చదివింది కాబట్టి టిక్కు. అదే వీధిలో ఇంకొకామె కార్డు అటూ ఇటూ తిప్పి "ఉర్దూది లేదా?" అనడిగింది. వెనక గోడ మీద ఉర్దూ క్యాలెండర్, దాని మీద ఆమె చేత్తో రాసుకున్న పాల లెక్క. మా సంచిలో ఉన్నవేమో తెలుగు, హిందీ కార్డులు! ఆరోగ్య సర్వేలో ఇలాంటప్పుడు "కావాల్సిన భాషలో కార్డు లేదు" అని రాసే వీలుంది. మా ఫారంలో అదీ లేదు. హైదరాబాద్‌లో ఉర్దూ కార్డు లేకుండా చదువు కొలవడానికి బయల్దేరడమేమిటో!

కార్డు వాక్యం దగ్గరే ఆగిపోతుంది. లెక్కల జోలికి, బతుకు అవసరాల జోలికి పోదు. వాటిని కొలిచేది ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న కూటమి) వాళ్ల పెద్దల నైపుణ్యాల సర్వే, పియాక్. 2022–23 విడతలో 31 దేశాల్లో 16 నుంచి 65 ఏళ్ల వాళ్లు సుమారు 1,60,000 మంది పాల్గొన్నారు. ఇంటికే వచ్చి ట్యాబ్లెట్ చేతికిస్తారు. చదవడం, లెక్కలు, పరిస్థితి మారుతుంటే సమస్యను చక్కబెట్టుకోవడం, మూడింటినీ 500 పాయింట్ల స్కేలు మీద చూస్తారు. చదవడంలో ఫిన్లాండ్‌కు 296, ఓఈసీడీ సగటు 260. అమెరికాలో 28 శాతం పెద్దలు చదవడంలో తక్కువ నైపుణ్యం కింద లెక్కేసే మొదటి స్థాయిలోనో అంతకంటే కిందో తేలారు. చదువు వచ్చా రాదా అని కాకుండా ఎంతవరకు వచ్చు అని చూడడమే దీని బలం. మన దేశం ఇందులో లేదు.

అలాగని దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి మన బస్తీల్లో పెడితే ఏమవుతుంది? ఎర్రగడ్డ రైతుబజార్‌లో నేను కూరగాయలు కొనే అమ్మ పావుకిలో మిర్చి 20, అరకిలో బెండ 30, కిలోన్నర టమాటా 60 అని నోటితోనే కూడి, నేను 200 నోటిస్తే "పది ఇయ్యి, నూరు తిరిగిస్త" అంటుంది. కాగితం మీద అదే లెక్క రాసిస్తే పక్క కొట్టు అబ్బాయి వైపు చూస్తుంది. ప్రశ్నను ముందు చదవాల్సి వస్తే ఆమె లెక్క బయటపడేదెప్పుడు? పియాక్‌లో 2022–23 నాటి రెండో విడతలో అడుగున ఉన్నవాళ్ల కోసం బొమ్మలు చూసి "ఎన్ని" అని చెప్పే చిన్న ప్రశ్నలు చేర్చారు. మంచిదే. కానీ మనవాళ్లు ఎక్కువమంది నిలబడేది ఆ అడుగు మెట్ల దగ్గరే కాబట్టి మనకు అక్కడే ఇంకా సన్న మెట్లు కావాలి.

పెద్దలకు చదువు నేర్పే కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ పథకం కింద పెట్టే పరీక్ష సంగతంటారా, చదవడం, రాయడం, లెక్కలు తలా 50, మొత్తం 150 మార్కులు. అది ఆ పథకం కింద నేర్చుకున్నవాళ్లకు పెట్టే పరీక్షే గానీ ఊరిని కొలిచే గజం కాదు.

అడగడానికీ చేయించి చూడడానికీ ఎంత తేడా వస్తుందంటే, అడిగి రాసుకున్న 2022–23 జాతీయ నమూనా సర్వేలో 15–24 ఏళ్ల వాళ్లలో 96.9 శాతానికి చిన్న వాక్యాలు చదవడం, రాయడం, మామూలు లెక్కలు వచ్చని తేలింది. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే అసర్ సర్వేలో, 2023లో, పల్లెల్లోని 14–18 ఏళ్ల పిల్లల ముందు కాగితం పెడితే మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగింది 43.3 శాతమే. వయసులు వేరు, ప్రశ్నలు వేరు, నిజమే. అయినా అంత దూరమా?

నన్నడిగితే తలలు లెక్కపెట్టడానికి జనగణన చాలు. 2027లో కూడా అడిగే రాసుకోనివ్వండి. నైపుణ్యం తెలియాలంటే మాత్రం అసర్ తరహా పనులే మేలు. కొద్ది ఇళ్లు ఎంచుకుని, ఇరవై నిమిషాలు కూర్చుని, తెలుగో ఉర్దూనో హిందీనో వాళ్లడిగిన భాషలో ఓఆర్ఎస్ ప్యాకెట్ మీది సూచన చదివించడం, చిల్లర లెక్క నోటితో ఒకసారి, కాగితం మీద ఒకసారి చేయించడం, కరెంటు బిల్లు చేతిలో పెట్టి యూనిట్లు ఎన్నో చూపించమనడం.

బిల్లు నాకు ఊరికే తట్టలేదు. ఆ రోజు బోరబండలో గేటు దాటుతుంటే ఆవిడ వెనక్కి పిలిచి మడత విప్పని బిల్లు చేతికిచ్చింది. "జర సూడు మేడమ్, రెండొందలు దాటిందా? జీరో బిల్లు పోతదంటున్నరు." 187 యూనిట్లు. దాటలేదని చెప్పాను. ఫారంలో టిక్కు అప్పటికే పెట్టేశాను.